గోదావరి జిల్లాల పిల్లలతో బ్యాండు కట్టడం ఎలా: తొలి తీగ నుంచి తొలి సంభావన దాకా

భీమవరంలోనో, అమలాపురంలోనో, రాజమండ్రిలోనో 13 నుంచి 17 ఏళ్ల పిల్లలు నలుగురైదుగురు మీ దగ్గరికొచ్చి "బ్యాండు పెడతామండి, నేర్పండి" అన్నారనుకోండి. మీరు సంగీతం మాస్టారు కావచ్చు, చర్చిలో క్వయిర్ నడిపేవారు కావచ్చు, ఆర్కెస్ట్రా యజమాని కావచ్చు, ఆ పిల్లల్లో ఒకరికి నాన్నో అమ్మో కావచ్చు. ఏడాదిలో వాళ్లను డబ్బిచ్చి పిలిచే స్థాయికి తేవాలంటే ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాం. చేతివేగం ఉన్న పిల్లలకు మన దగ్గర కొదవలేదు. కొదవంతా లయ జారనివాళ్లకు, గాయని అప్పటికప్పుడు శృతి మార్చినా తడబడనివాళ్లకు, జనరేటర్ ఆగినా పాట వదలనివాళ్లకు. రెండోసారి ఫోన్ వచ్చేది వీళ్లకే. శిక్షణను అందుకు తగ్గట్టే కట్టుకోండి.

ఎవరు వస్తారు, ఎవరిని తీసుకోవాలి

చర్చి పిల్లలు చాలామంది వస్తారు. ఆదివారం ఆరాధనలో కీబోర్డో డ్రమ్సో వాయిస్తూ పెరిగినవాళ్లు. ఎవరు ఏ శృతిలో ఎత్తుకున్నా వెతికి పట్టుకుంటారు, జనం ముందు బెదరరు. కానీ పాడేవాళ్ల వెంటపడి నడవడం అలవాటైపోయి లయ అటూ ఇటూ జారుతుంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు శృతి, తాళం రెండూ గట్టివే. కార్డులు (రెండు మూడు స్వరాలు ఒకేసారి కలిపి మోగించడం) తెలియవు, పక్కవాడికి చోటిచ్చి వెనక్కి తగ్గడం అలవాటుండదు. ఫోన్లో చూసి నేర్చినవాళ్లు కష్టమైన సోలో ముక్కను పదిహేను సెకన్లు అదరగొడతారు. అదే పాటకు పల్లవి నుంచి చివరిదాకా రిథమ్ వాయించమంటే రెండో చరణంలో చేతులెత్తేస్తారు. బ్యాండుమేళం కుటుంబాల నుంచి వచ్చేవాళ్లు తక్కువే గానీ, వస్తే మాత్రం వదులుకోకండి. పెళ్లి ఊరేగింపులో గంటల తరబడి నడుస్తూ సైడ్ డ్రమ్ కొట్టినవాడికి ఓపిక మీరు నేర్పక్కర్లేదు.

ఇంట్లో పెద్దలు "కరెంటు గిటారు మనకెందుకు" అంటే చెప్పడానికి ఒక ముక్క ఉంది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే కర్ణాటక కచేరీలు చేశారు. వెదురుపాక మూలాలున్న దేవిశ్రీప్రసాద్ ఆయన దగ్గరే మాండలిన్ నేర్చుకున్నారు. కరెంటు వాయిద్యం మన నేలకు కొత్తది కాదు.

పరీక్షకు ఒక్కొక్కరికి పది నిమిషాలు చాలు. వచ్చిన పాట వాయించమని అడగకండి, అది ఇంట్లో నెల రోజులు రుద్దుకొచ్చినదే అయి ఉంటుంది. మెట్రోనోమ్ యాప్ (టిక్కు టిక్కుమని లయ చూపేది) 80లో, అంటే నిమిషానికి 80 దెబ్బల వేగంలో పెట్టి చప్పట్లు కొట్టమనండి. నాలుగు దెబ్బలకు ఒక బారు లెక్కన ఎనిమిది బార్లు నడిచాక మోత పూర్తిగా తగ్గించేయండి, నాలుగు బార్ల తర్వాత మళ్లీ పెంచండి. చప్పట్లు ఇంకా దెబ్బ మీదే ఉంటే ఆ పిల్లవాడిని తీసుకోండి, చేతికి ఏ వాయిద్యమూ రాకపోయినా సరే. తర్వాత తంబూరా యాప్ పెట్టి స-ప-స కూనిరాగం తీయించండి. ఆఖరున ఎప్పుడూ విననిపాట ఒకటి ఫోన్లో పెట్టి, ఒక నిమిషంలో దాని షడ్జమం (స) ఎక్కడుందో తన వాయిద్యం మీద వెతకమనండి.

అయిదుగురిని ఎంచుకుంటే డ్రమ్స్, బేస్, కీబోర్డు, గిటార్, గొంతు ఉండాలి. వచ్చేది మాత్రం నలుగురు గిటారిస్టులు, ఒక సింగర్. బేస్ ఎవరికీ అక్కర్లేదు. గిటారిస్టుల్లో పాటకు తెలియకుండానే కాలితో తాళం వేస్తూ, తక్కువ మాట్లాడేవాణ్ని చూసి బేస్ చేతికివ్వండి. గిటారు పైనున్న నాలుగు లావు తీగల పేర్లే బేస్ తీగల పేర్లు: ఇ, ఎ, డి, జి. స్థాయి మాత్రం ఒక అష్టకం కింద. కాబట్టి గిటారు వచ్చినవాడు వారంలో సా-పాలు పట్టేస్తాడు. నిలకడ రావడానికి ఆరు నెలలు పడుతుంది.

వాయిద్యాలు, గది, తేమ

కీబోర్డు 61 మెట్లది, నొక్కుడు బలానికి తగ్గట్టు శబ్దం పెరిగి తగ్గేది ఉండాలి. ఆ సౌకర్యం లేని బొమ్మ కీబోర్డు మీద నేర్చినవాడి వాయింపులో ఎత్తుపల్లాలు రావు. ఎలక్ట్రిక్ గిటారుకు మొదట 9 నుంచి 42 (అంగుళంలో వెయ్యో వంతుల మందం) సన్నతీగల సెట్ వేయించండి. 12వ ఫ్రెట్ (గిటారు మెడ మీది లోహపు అడ్డపట్టీ) దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఖాళీ ఎలక్ట్రిక్ మీద 2 మిల్లీమీటర్లు, అకూస్టిక్ మీద 2.5 మిల్లీమీటర్లు దాటకుండా చూడండి. అంతకన్నా ఎత్తుంటే వేళ్లు పుళ్లుపడి పిల్లలు మానేస్తారు, మనం బద్ధకమనుకుంటాం.

డ్రమ్స్ నేర్చేవాడికి కిట్ కన్నా ముందు రబ్బరు ప్రాక్టీస్ ప్యాడు, ఒక జత కర్రలు కొనండి. ఏడాది తిరిగేలోగా ఆక్టోప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడ్) కూడా అలవాటు చేయండి. మన ఆర్కెస్ట్రాల్లో పని దొరికేది దానితోనే, బైకు మీద సంచిలో వెళ్లిపోతుంది. పూర్తి కిట్ వాయించగలిగి ప్యాడ్ రానివాడికి డిసెంబరు చర్చి ప్రోగ్రాములు తప్ప సీజనంతా ఖాళీయే.

చెక్క వాయిద్యాలకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే మంచిది. కోనసీమలో వానాకాలం అంతకు చాలా పైనే ఉంటుంది. చెక్క ఉబ్బి, అకూస్టిక్ పైపలక పొంగి, తీగలు ఎత్తుకు లేస్తాయి. కేసులో సిలికా జెల్ సంచులు వేసి మూసి ఉంచండి, గోడకు వేలాడదీయకండి. నరసాపురం, ఓడలరేవు, ఉప్పాడ వైపు సముద్రం గాలికి తీగలు ఇంకా త్వరగా తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తీగను పైనా కిందా తుడిస్తే సెట్ రెట్టింపు రోజులు వస్తుంది. పాత లుంగీ ముక్క బాగా పనికొస్తుంది. గిటారు వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటోందంటే లోపల తేమకు పొర కట్టిందన్నమాట. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి నాబ్‌ను ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. కొబ్బరినూనె మాత్రం వేయకండి, వేసేవాళ్లున్నారు.

గదికి ఫోమ్ షీట్లు అంటిస్తే శబ్దం బయటికి పోదని అమ్మేవాళ్లు చెబుతారు. ఫోమ్ లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుందే గానీ శబ్దాన్ని ఆపదు. బయటికి పోయేది తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి. ముందు వాటికి రబ్బరు పట్టీలు కొట్టించండి. లోపలి మోతకు కొబ్బరిపీచు చాపలు నేల మీద, పాత దూది పరుపులు రెండు గోడల మూలల్లో నిలబెడితే సరిపోతుంది. డ్రమ్ముల కింద చాప తప్పనిసరి, లేకపోతే కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కొట్టినకొద్దీ ముందుకు జారుతుంది.

చెవుల సంగతి మొదటి వారంలోనే చెప్పాలి. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటల వరకు ఫరవాలేదని లెక్క. ఆ తర్వాత ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది: 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. సిమెంటు గదిలో డ్రమ్ కిట్‌తో బ్యాండు వాయిస్తే 100 దాటడం పెద్ద విషయమేమీ కాదు. ఫోన్లో సౌండ్ మీటర్ యాప్‌తో కొలవండి, ఫోమ్ ఇయర్ ప్లగ్స్ పెట్టించండి. చెవిలో దూది పెట్టుకుంటే ప్రయోజనం లేదు. ఇంటికెళ్లాక చెవిలో గుయ్యిమంటోందని ఎవరైనా అంటే మరుసటి రిహార్సల్‌లో మోత తగ్గించాల్సిందే.

మొదటి 12 వారాలు

వారానికి మూడు రోజులు పెట్టుకోండి: రెండు రోజులు ఎవరి వాయిద్యం వాళ్లకు, ఒక రోజు అందరికీ కలిపి. కలిసి వాయించడం మూడో వారం నుంచే మొదలవ్వాలి. "అందరూ బాగా నేర్చుకున్నాక కలుద్దాం" అనుకున్న బ్యాండు ఎప్పటికీ కలవదు. ఇంట్లో రోజూ 40 నిమిషాలు చాలు, ఆదివారం నాలుగు గంటలు కూర్చుంటే ఆ లోటు తీరదు.

లయతో మొదలుపెట్టండి. మన పిల్లలకు పాశ్చాత్య లెక్కల కన్నా నోటి లెక్క త్వరగా ఎక్కుతుంది. ఒక్కో దెబ్బను నాలుగు ముక్కలు చేయాలంటే తకధిమి, మూడు చేయాలంటే తకిట. 60 వేగంలో కాలితో దెబ్బ వేస్తూ నోటితో నాలుగు బార్లు తకధిమి, ఆగకుండా నాలుగు బార్లు తకిట, మళ్లీ తకధిమి. కాలు వేగం మారకూడదు. ఇది కుదిరాక ఖండచాపు అయిదు, మిశ్రచాపు ఏడు. రాక్‌లో ఏడు దెబ్బల పాట వచ్చినప్పుడు బయటివాళ్లు వేళ్లు లెక్కపెట్టుకుంటుంటే మనవాళ్లు తకిట తకధిమి అనుకుని వాయించేస్తారు.

ఆ తర్వాతది కొంచెం కష్టం. మన జనం చప్పట్లు ఒకటో దెబ్బ మీద, మూడో దెబ్బ మీద కొడతారు. రాక్‌లో స్నేర్ (చురుకుగా మోగే చిన్న డ్రమ్) పడేది రెండు, నాలుగు మీద. పిల్లల ఒంటికి ఇది పట్టాలంటే 80 వేగం పాటకు మెట్రోనోమ్‌ను 40లో పెట్టండి, ఆ టిక్కులనే రెండూ నాలుగుగా అనుకుని వాయించమనండి. మొదటి రోజు అయిదో బారుకల్లా టిక్కు వాళ్లకు ఒకటి, మూడు కింద తిరగబడిపోతుంది. తిరగబడినప్పుడు ఆపి మళ్లీ మొదలెట్టండి, సర్దుకుని కొనసాగించనివ్వకండి. రెండు వారాల్లో పట్టుబడుతుంది.

డ్రమ్స్‌వాడికి అంతర్జాతీయంగా లెక్కలో ఉన్న రూడిమెంట్లు (కర్రల ప్రాథమిక పాఠాలు) 40. అన్నీ ఇప్పుడే అక్కర్లేదు. సింగిల్ స్ట్రోక్, డబుల్ స్ట్రోక్, పారడిడిల్, ఫ్లామ్, ఈ నాలుగింటినీ 60 నుంచి మొదలుపెట్టి, రెండు నిమిషాలు తడబాటు లేకుండా వచ్చాకే 4 పెంచుకుంటూ పోవాలి. భుజం బిగిసిందంటే వేగం దాటిపోయిందని గుర్తు, ఒక మెట్టు దిగాలి.

కార్డులను అక్షరాలతో కాకుండా అంకెలతో నేర్పండి. 1-5-6-4 అంటే సి స్కేల్లో సి, జి, ఎ మైనర్, ఎఫ్. అదే జి స్కేల్లో జి, డి, ఇ మైనర్, సి. డి స్కేల్లో డి, ఎ, బి మైనర్, జి. అంకెలు తెలిసినవాడికి స్కేలు మారినా పాట మారదు. స్టేజీ మీద గాయని "ఇవాళ గొంతు బాలేదు, అరశృతి దించండి" అన్నప్పుడు కాగితం వెతుక్కునేవాడికీ, వాయించేవాడికీ తేడా ఇదే.

ఇంకో చిక్కు భాషది. మన దగ్గర పాత నాటకాల హార్మోనిస్టులు, సీనియర్ గాయకులు సి, డి అనరు. "రెండున్నర" అంటారు, "అయిదు" అంటారు. అది రాని కుర్రాడు నోరు తెరుచుకు చూస్తుంటే వాడి మీద నమ్మకం అక్కడే పోతుంది. ఈ లెక్కను గోడకు అంటించండి: ఒకటి సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, అయిదు జి, అయిదున్నర జి షార్ప్, ఆరు ఎ, ఆరున్నర ఎ షార్ప్, ఏడు బి. మూడున్నర ఉండదు. గిటారువాళ్లు దీనికి కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే బిగింపు) లెక్క జోడించుకోవాలి. రెండున్నరకు మొదటి ఫ్రెట్‌లో కేపో పెట్టి డి ఆకారాలు. నాలుగున్నరకు రెండో ఫ్రెట్‌లో పెట్టి ఇ ఆకారాలు. అయిదున్నరకు మొదటి ఫ్రెట్‌లో జి ఆకారాలు. ఆరున్నరకు మూడో ఫ్రెట్‌లో జి ఆకారాలు. మగగొంతులు ఎక్కువగా ఒకటి నుంచి రెండు మధ్య, ఆడగొంతులు అయిదు, ఆరు దగ్గర హాయిగా పాడతాయి. కాబట్టి ఒకే పాటను ఇద్దరికీ వాయించడం ప్రతివారం చేయించండి.

కర్ణాటక సంగీతం వచ్చిన పిల్లలకు రాక్ సోలో నేర్పడానికి దగ్గరి దారి ఉంది. రాక్ గిటారిస్టులు రోజూ వాడే మైనర్ పెంటటోనిక్ మన శుద్ధధన్యాసి స్వరాలే: స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప, కైశికి నిషాదం. దానికి ప్రతిమధ్యమాన్ని శుద్ధ మధ్యమానికీ పంచమానికీ మధ్య దాటుస్వరంగా తగిలిస్తే బ్లూస్ స్కేలు. మేజర్ పెంటటోనిక్ మోహన. పాశ్చాత్య స్కేళ్ల పేర్లలో నటభైరవి సహజ మైనర్, ఖరహరప్రియ డోరియన్, హరికాంభోజి మిక్సోలిడియన్. ఒక హెచ్చరిక ఉంది. తీగ వంచి స్వరం పట్టేటప్పుడు వీళ్లు గమకంలా ఊపుతూ ఉండిపోతారు. బ్లూస్ బెండు ఒక చోటికి చేరి ఆగాలి. 7వ ఫ్రెట్‌లో తీగ వంచి, దాన్ని 9వ ఫ్రెట్ స్వరంతో పోల్చి చూడమనండి. చాలామందికి కొంచెం తక్కువే వస్తుంది.

పాడే మగపిల్లల విషయంలో తొందర వద్దు. దాదాపు 12 నుంచి 15 ఏళ్ల మధ్య గొంతు మారుతుంది. నిన్న పాడిన శృతి ఇవాళ అందదు. అప్పుడు బలవంతంగా పైకి అరిపిస్తే గొంతు పాడవుతుంది. ఆ ఏడాది శృతి దించి పాడించండి, కోరస్‌లో కింది గొంతు ఇవ్వండి, ఆ సమయం కీబోర్డుకో బేస్‌కో వాడుకోండి.

రెండు గంటల రిహార్సల్

మొదటి పావుగంట శృతి చేసుకోవడానికి, మోత సరిచూసుకోవడానికి. ట్యూనర్‌లో ఎ స్వరం 440 హెర్ట్జ్ మీదే ఉందో లేదో అందరి ఫోన్లలో చూడండి. ఒకడి యాప్ 432కి మారిపోయి ఉంటే గంటసేపు ఎవరిది తప్పో తెలియక కొట్టుకుంటారు. తర్వాత ఒక గంట ఒకే ఒక్క పాట. మిగిలిన సమయం పాతపాటలను ఆపకుండా వరసగా.

పాటను పల్లవి నుంచి పట్టకండి. డ్రమ్స్, బేస్ మాత్రమే పది నిమిషాలు వాయించాలి. బేస్ దెబ్బ కిక్ డ్రమ్ మీద పడుతుందో లేదో పక్కన కూర్చుని వినండి. అది అతికాక కీబోర్డు, ఆ తర్వాత గిటారు, ఆఖరున గొంతు. కీబోర్డు ఎడమచేయి బేస్ పాడుచేసే జబ్బు మన దగ్గర మరీ ఎక్కువ. ఒంటరిగా స్టైల్స్ (కీబోర్డులోనే ఉండే రెడీమేడ్ తాళాలు) పెట్టుకుని వాయించి అలవాటైనవాడు ఎడమచేత్తో కింది స్వరాలు నొక్కుతూనే ఉంటాడు, అక్కడ బేస్ గిటారు ఉందని మర్చిపోతాడు. ఎడమచేయి జేబులో పెట్టుకుని వాయించమనండి. తమాషాగా అనిపించినా పనిచేసే మందు ఇదే. గిటారుకూ అంతే, కీబోర్డు నిండు కార్డు పట్టినప్పుడు గిటారు సన్నని మూడు తీగలకే పరిమితం కావాలి.

ప్రతి రిహార్సల్‌నూ ఫోన్లో రికార్డు చేయండి. ఇంటికెళ్లి పాట మొదట్లో, ఆఖర్లో వేగం ట్యాప్ టెంపో యాప్‌లో (దెబ్బకు తగ్గట్టు వేలితో తడితే వేగం చెప్పేది) కొలవండి. తేడా 3 లోపు ఉంటే బాగానే ఉంది. 6, 8 వస్తోందంటే ఎక్కడ పరుగెత్తుతున్నారో వెతకండి. దాదాపు ఎప్పుడూ డ్రమ్స్ రోల్ దగ్గర, లేదా చరణం నుంచి పల్లవికి వచ్చేటప్పుడు దొరుకుతుంది.

గదిలో మోత పెరగడం అందరికీ తెలిసిన తగాదా. గిటారువాడు తనకు వినపడక పెంచుతాడు, కీబోర్డువాడు వాణ్ని చూసి పెంచుతాడు, సింగర్ అరుస్తుంది. యాంప్ (గిటారు స్పీకరు పెట్టె) నేల మీద పెట్టి, మోకాళ్ల వెనక మోగుతుంటే వాడికెలా వినపడుతుంది? కుర్చీ మీద పెట్టి ముఖం వైపు వంచితే సగం వాల్యూమ్ చాలు. డ్రమ్స్ గట్టిదనాన్ని కొలమానంగా తీసుకుని, గొంతు దాని పైన స్పష్టంగా వినపడేదాకా తక్కినవాళ్లంతా తగ్గాలి.

స్టేజీ, కరెంటు, తడినేల

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది కాబట్టి నిదానంగా చదవండి. పంట కోసిన పొలంలోనో, కొబ్బరితోటలోనో, చెరువుగట్టు పక్కనో కర్రల స్టేజీ. నేల తడి. టెంట్ హౌస్ జనరేటర్‌కు ఎర్తింగ్ చాలాసార్లు ఉండదు. గిటారు తీగలు యాంప్ ద్వారా ఒక లైనుకు, మైకు మిక్సర్ ద్వారా ఇంకో లైనుకు తగిలి ఉంటాయి. ఆ రెండు లైన్ల ఎర్త్ వేరువేరైతే, గిటారు పట్టుకున్న పిల్లవాడు పెదవి మైకుకు ఆనించగానే షాక్. చాలాసార్లు చురుక్కుమని ఊరుకుంటుంది. ప్రాణం తీసిన సందర్భాలూ ప్రపంచంలో ఉన్నాయి.

చేయాల్సింది ఇది. స్టేజీ మీది యాంపులు, కీబోర్డు, మిక్సర్ అన్నీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోవాలి. సీరియల్ లైట్లకు వేరే లైను. హమ్ (స్పీకర్లో గుమ్మనే మోత) వస్తోందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లుంటారు, ఆ ప్లగ్గు మీ స్టేజీ ఎక్కకూడదు. మల్టీమీటర్ (వోల్టులు కొలిచే పరికరం) ఒకటి మీ సంచిలో ఉండాలి: ఫేజ్-న్యూట్రల్ మధ్య 220 నుంచి 240 వోల్టులు, న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. యాంప్ ఆన్ చేసి, గిటారు తగిలించి, మల్టీమీటర్ ఒక కొన తీగకు, ఇంకో కొన మైకు జాలీకి ఆనించండి. అక్కడ పదుల వోల్టులు కనిపిస్తే లైను సరిచేసేదాకా ఎవరూ గిటారుతో పాడకూడదు. స్టేజీ మీద పొడి రబ్బరు మ్యాటు, కాళ్లకు చెప్పులు. దేవుడి స్టేజీ అని చెప్పులు విప్పించే చోట మ్యాటు ఇంకా ముఖ్యం.

కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపల పది ఇరవై సెకన్లు చీకటి. కీబోర్డు ఆరి, మళ్లీ వెలిగాక టోన్లు, స్టైల్స్ అన్నీ మొదటికొస్తాయి. కీబోర్డుకూ మిక్సర్‌కూ కంప్యూటర్లకు వాడే చిన్న యూపీఎస్ పెడితే ఈ బాధ ఉండదు. పిల్లలకు మాత్రం చీకటి రిహార్సల్ చేయించండి. పాట మధ్యలో చెప్పకుండా మెయిన్ ఆపేయండి. డ్రమ్స్ ఆగకూడదు, సింగర్ చప్పట్లు అందుకోవాలి, మిగతావాళ్లు కరెంటు వచ్చినా వెంటనే దూకకుండా తర్వాతి పల్లవి ఒకటో దెబ్బ మీద కలవాలి. ప్యాడ్ ఒక్కటే ఉన్న బ్యాండుకు డోలక్కో కంజిరో ఒకటి చేతికందేలా ఉండాలి, ప్యాడ్ కరెంటుతోపాటే పోతుంది కదా.

మైకుసెట్ అబ్బాయితో స్నేహంగా ఉండండి. సౌండ్ చెక్ అరగంట అడగండి, దొరికేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో గొంతు మొదట, కిక్ డ్రమ్ తర్వాత, బేస్, ఆపైన తక్కినవి. గొంతు ఛానెల్లో 100 హెర్ట్జ్ కింద కోసేసే బటన్ ఉంటే నొక్కించండి, గాలి మోత, స్టేజీ దబదబలు పోతాయి. మామూలు కార్డియాయిడ్ మైకు (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) అయితే మానిటర్‌ను (పాడేవాళ్లకు తమ గొంతు వినిపించే స్పీకరు) మైకు వీపుకు ఎదురుగా పెట్టాలి. సింగర్ మైకు జాలీని గుప్పిట్లో మూసి పట్టుకుంటే కూత మొదలవుతుంది. సినిమాల్లో చూసి పిల్లలు అలాగే పట్టుకుంటారు, మాన్పించండి. గిటారు, కీబోర్డు కేబుళ్లు 6 మీటర్లు దాటితే హమ్ పెరిగి శబ్దం మొద్దుబారుతుంది. దూరం ఎక్కువైతే డీఐ బాక్సు (వాయిద్యం సిగ్నల్‌ను పొడవు కేబుల్‌కు తగ్గట్టు మార్చే పెట్టె) వాడాలి. కేబుల్‌ను మోచేతికి చుట్టకండి, లోపలి తీగ మెలిపడి సీజన్ మధ్యలో తెగుతుంది.

లౌడ్‌స్పీకర్లకు పోలీసు అనుమతి కాగితం ఉందో లేదో నిర్వాహకులను ముందే అడగండి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగల్లాంటి సందర్భాల్లో ఏడాదికి 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలించవచ్చు. పదింటికి ప్లగ్గు పీకేస్తే మీ మంచిపాటలన్నీ ఆఖర్లో మిగిలిపోతాయి, కాబట్టి వరసలో ముందుకు జరపండి.

ఏ పాటలు, ఎవరి హక్కులు

మొదటి ప్రోగ్రాముకు 12 పాటలు సిద్ధం చేయండి, అందులో సొంతవి రెండు. మన ప్రేక్షకులు సినిమాపాట విందామని వస్తారు. రాక్ మాత్రమే వాయించి గోదావరి జిల్లాల్లో బతకడం కుదరదు, పిల్లలకు ఈ సంగతి దాచకండి. అయితే తెలిసిన పాటనే గట్టి డ్రమ్స్, డిస్టార్షన్ గిటారుతో వాయిస్తే కుర్రకారు ముందుకొస్తారు. మూడు తెలిసిన పాటల తర్వాత ఒక సొంతపాట, అదీ నాలుగు నిమిషాల లోపు.

పెళ్లిలో, పెళ్లి ఊరేగింపులో, దానికి సంబంధించిన వేడుకల్లో పాటలు వాయిస్తే కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. టిక్కెట్టు షోలు, హోటళ్లు, రిసార్టులు అలా కాదు, అక్కడ లైసెన్సు కావాలి. అది నిర్వాహకులు తీసుకోవాలని ఒప్పందంలోనే రాయించండి. సినిమాపాటను మీరే వాయించి రికార్డు చేసి అమ్మాలంటే ఇంకో గీత ఉంది: 31సి సెక్షన్ ప్రకారం తొలి రికార్డింగ్ జరిగిన సంవత్సరం ముగిశాక అయిదేళ్లు గడవాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ కట్టాలి. యూట్యూబ్‌లో పెట్టిన కవర్ వీడియో మీద ప్రకటనల డబ్బు హక్కుదారులకే వెళ్లడం మామూలే. కవర్లను పరిచయ కాగితంలా వాడుకోండి, ఆదాయం అనుకోవద్దు.

సీజను, డబ్బు, కాగితం

ముహూర్తాల క్యాలెండరే మీ క్యాలెండర్. ధనుర్మాసంలో పెళ్లిళ్లుండవు గానీ అదే నెలలో క్రిస్మస్ ప్రోగ్రాములు, ఆ వెంటనే సంక్రాంతి, ప్రభల తీర్థాలు. మాఘంలో అంతర్వేది తీర్థం, పెళ్లిళ్లు. వేసవి అంతా పని. ఆషాఢం ఖాళీ, కొత్త పాటలు కట్టడానికీ రికార్డింగుకూ ఆ నెల వాడండి. తర్వాత శ్రావణం పెళ్లిళ్లు, వినాయకచవితి పందిళ్లు, దసరా.

ఒక్క పేజీ ఒప్పందం రాయండి: తేదీ, ఎక్కే సమయం, దిగే సమయం, సౌండు ఎవరిది, జనరేటర్ ఎవరిది, స్టేజీ ఎంత వెడల్పు, రానూపోనూ బండి, భోజనం, అడ్వాన్సు ఎంత, మిగతాది ఎప్పుడు, రద్దయితే ఏమిటి. మిగతా డబ్బు స్టేజీ ఎక్కే ముందే అందాలి. దిగాక అడిగితే ఇచ్చే పెద్దాయన నిద్రపోయి ఉంటాడు. అయిదుగురు బ్యాండైతే వచ్చినదాన్ని ఆరు వాటాలు చేయండి, ఆరోది తీగలకు, కర్రలకు, కేబుళ్లకు, రిపేర్లకు. ఈ వాటా లేని బ్యాండులో రెండో ఏడు తెగిన కేబుల్ ఎవరు కొనాలన్న దగ్గర గొడవ మొదలవుతుంది.

18 నిండనివారు చేసిన ఒప్పందం చట్టం ముందు చెల్లదు, సంతకం తల్లిదండ్రులో మీరో పెట్టాలి. 14 ఏళ్ల లోపు కళాకారులకు బాలకార్మిక నియమాల హద్దులున్నాయి: రోజుకు 5 గంటలు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం ఆ పిల్లల పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. చదువు, నిద్ర పాడవకూడదు. టెన్త్ పరీక్షల ముందు రెండు నెలలు ఎవరికీ ప్రోగ్రాములు ఒప్పుకోకండి, ఇంట్లోవాళ్ల నమ్మకం పోతే వాడే కాదు, వాడి తమ్ముడు కూడా రాడు.

ఏడాది తర్వాత

వాయిద్యంతో పాటు ఇంకో పని ప్రతి ఒక్కరికీ రావాలి. కీబోర్డువాడు ల్యాప్‌టాప్‌లో ట్రాకులు కట్టడం, బేస్‌వాడు మిక్సర్ నడపడం, డ్రమ్స్‌వాడు ప్యాడ్‌లో శాంపిల్స్ ఎక్కించడం, గిటారువాడు తీగలు మార్చి సెట్టింగ్ చేయడం. అయిదేళ్ల తర్వాత వాళ్లను నిలబెట్టేది చాలాసార్లు ఈ రెండో పనే.

చదువుకు కాగితం కావాలనుకునేవాళ్లకు ట్రినిటీ కాలేజ్ లండన్ రాక్ అండ్ పాప్ పరీక్షలు ఉన్నాయి: ఇనీషియల్ నుంచి 8వ గ్రేడు దాకా, గిటారు, బేస్, డ్రమ్స్, కీబోర్డు, గొంతు. మూడు పాటలు, పైన సెషన్ స్కిల్స్ అని ఒక భాగం. అందులో అప్పటికప్పుడు కల్పించి వాయించడమో, విన్నదీ చూసిందీ తిరిగి వాయించడమో ఒకటి ఎంచుకోవాలి. మన పిల్లలు పాటలు బాగా వాయించి ఈ భాగంలోనే మార్కులు పోగొట్టుకుంటారు కాబట్టి పరీక్షకు ఆరు వారాల ముందు నుంచి రోజూ పది నిమిషాలు దీనికే ఇవ్వండి. ఆ పైన చదవాలనుకుంటే చెన్నైలో ఏ.ఆర్.రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ మనకు రాత్రి రైలు దూరం.

సొంతపాటలు మొదలైతే, ప్రతి పాటకూ సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, వాటాలు ఎంతెంత అని ఆ రోజే ఒక కాగితం మీద రాసి అందరూ సంతకం పెట్టండి. పాట విడుదలయ్యాక ఐపీఆర్‌ఎస్‌లో (పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ) సభ్యత్వానికి రాసినవారూ బాణీ కట్టినవారూ దరఖాస్తు చేసుకోవచ్చు. డెమోకు మూడు పాటలు చాలు, ఒక్కొక్కటి మొదటి ముప్పై సెకన్లలో గొంతు వినపడేలా. వీడియోలో కెమెరా కదలకుండా అయిదుగురూ కనపడాలి, శబ్దం పైనుంచి అతికించినది కాకుండా అక్కడ వాయించినదే ఉండాలి. బుక్ చేసుకునేవాళ్లు చూసేది మీరు నిజంగా వాయిస్తున్నారా లేదా అనే.